మచ్చలు తీసే ఆయన

స్టూడియో ఆయన చచ్చిపోయాడని షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న పూలామె చెప్పింది. పోయి ఎనిమిది దినాలైందంది. నాకు ఏడుపు రాలేదు. నిజమేనా అనిపించింది. ఆయన విషయంలో నాకు మొదట వచ్చేది ఎప్పుడూ అనుమానమే. ఇది తెల్లగోడ అని ఆయన అంటే, నేను గోరుతో గీకి చూసి గాని నమ్మను.

"నిజంగా పోయినాడా? ఎవురు చెప్పిరి నీకు?" అన్నాను.

"పాడెకు దండలు నేనే కట్టిస్తి గదమ్మే. ఇంగెవురు చెప్పల్ల?" అంది పూలామె.

అప్పుడు నమ్మాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్పడానికి నాకేం కష్టం లేదు, ఆయన మంచివాడని తేలితే కదా. ఇరవై ఏండ్ల పైన చూశాను, ఇప్పటికీ తేల్చుకోలేదు. నా చదువు సంతకం వరకే. మా ఎదురింటి టీచరమ్మ రాసుకుంటూ ఉంటే నేను చెబుతున్నాను. ఆయన పేరు మాత్రం చెప్పను. బతికున్నప్పుడూ నేను పేరు పెట్టి పిలిచింది లేదు.

కర్నూలు పాతూరులో ఇత్తడి సామాన్ల అంగడికీ, ఒక హోమియో డాక్టరు గదికీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆయన స్టూడియో. లోపల అడుగు పెడితే గోడల నిండా ఆడవాళ్ళే. పాతకాలం సినిమా నాయికలు. రంగుల్లేని ఫోటోలు. నెత్తి మీద నుంచి వెలుతురు పడి, ముక్కు కింద సీతాకోకచిలుకంత నీడ. జుట్టు అంచంతా వెనక నుంచి ఎవరో దీపం పట్టుకున్నట్టు వెలుగు. ఒక్కో కంట్లో ఒక్కో మెరుపుచుక్క. ఒక్కరి మొహం మీదా చెమట లేదు, మొటిమ లేదు, వెంట్రుక మొలిచే రంధ్రం కూడా లేదు. మనుషులన్నాక తోలుకు రంధ్రాలుంటాయి కదా, వీళ్ళకు చెమట యాడ నుంచి పోతుందా అనుకున్నాను నేను, మొదటిసారి చూసినప్పుడు.

ఆ మొదటిసారి పోయింది నా మొగుడు చచ్చిపోయిన ఏడో దినం. చంకలో ఎనిమిది నెలల బిడ్డ, కొంగులో కట్టుకున్న ఒక చిన్న ఫోటో. నేను పోయేసరికి ఆయన ఎవరో ఒకామెకు ఫోటో తీస్తున్నాడు. ఆమె మొగుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. స్టూడియో ఆయన ఆమెను ముట్టుకోవడం లేదు. రెండు బారల దూరం నుంచే చేతులూపుతున్నాడు. కానీ ఆ మాటలు వింటే ముట్టుకున్నట్టే ఉంది.

"గడ్డం ఎత్తు. శానా గాదు, గోడ మీద బల్లిని చూసినంత. ఆఁ. నాలికతో పెదాలు తడుపుకో. ఊపిరంతా వదిలేయి. వదిలినాక కండ్లెత్తు. ఆ మూలన నీకు కావాల్సినోల్లు ఎవురో నిలబడి ఉండారనుకో."

"ఎవురుండారప్పా ఆడ?" అన్నాడు మొగుడు.

"ఎవురూ లేరప్పా. నువ్వే ఉండావనుకో."

"నేను ఈడ ఉండా గదా. ఆడ చూసేదెందుకు?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగిపోయి మొహంలో ఇంకా కొంచెం మిగిలినప్పుడు ఆయన టక్కుమని నొక్కాడు. నవ్వేటప్పుడు తీయడు, నవ్వు పోయేటప్పుడు తీస్తాడు. ఇట్లాంటి ఉపాయాలు తెలిసినవాడిని ఎట్లా నమ్మడం?

వాళ్ళు పోయినాక నేను గోడల వైపు చూస్తుంటే, వెనక నుంచి అన్నాడు: "ఆ మధ్యలో ఉండే ఆయమ్మ ఎడమ చెంప నాదే."

నేను బిడ్డను ఇంకో చంకకు మార్చుకున్నాను.

"పక్కన ఉండే ఆయమ్మ మెడ నాదే. రెండు నెలలు కూచున్నా ఆ మెడ మీద."

నేను తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. ఆయన అప్పటికే అరవై దగ్గరివాడు. బక్కపలచన. చొక్కా జేబులో నాలుగు పెన్సిళ్ళు, వాటి మొనలు దబ్బనంలాగా సన్నగా చెక్కినవి. చేతి గోళ్ళు మందులు తగిలి నల్లగా మాడిపోయి ఉన్నాయి. మనిషి కళ్ళల్లోకి చూసి మాట్లాడడు. చెంపల మీద, నుదుటి మీద, గడ్డం కింద చూస్తాడు, వంకాయలు ఏరుకునేవాడు పుచ్చు కోసం చూసినట్టు.

తర్వాత తెలిసింది ఆయన మాటకు అర్థం. కుర్రతనంలో మద్రాసులో ఒక పెద్ద స్టూడియోలో పని చేశాడట. ఫోటోలు తీసింది ఈయన కాదు. తీసినాక గాజు బల్ల మీద నెగటివ్ పెట్టి, కింద దీపం పెట్టి, పెన్సిలు మొనతో మచ్చలు పూడ్చే పని ఈయనది. టచింగ్ పని అనేవాడు. ఒక్క నాయికా ఈయన మొహం చూడలేదు. ఈయన మాత్రం వాళ్ళ మొహాల మీదే పదకొండేండ్లు బతికాడు. అమ్మవారు పోసిన గుంటలు, కంటి కింద నలుపు, గడ్డం కింద రెండో గడ్డం, అన్నీ తీసేశాడు. ఇదీ ఆయన చెప్పిందే. కర్నూలులో దీన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఫోటోలు కొనుక్కొచ్చి తగిలించుకున్నాడని ఇత్తడి అంగడాయన నాతో రెండుసార్లు అన్నాడు.

అలవాటైన చేయి కదా, ఎవరిని చూసినా ఆయనకు మొదట కనబడేది మచ్చే. పెరుగమ్మే ఆమెతో, "నీ ముక్కు పక్క గీత రెండు నిమిషాల పని," అనేవాడు. ఇత్తడి అంగడాయనతో, "నీ మొగం గంట పడతాది," అనేవాడు. నన్ను చూసి ఏమన్నాడో చెబుతాను, సిగ్గేముంది: "నీది పూట పని పాపా. అన్నం తిని కూచోవల్ల."

"నాకేం అక్కరలేదు. ఈయప్పది పెద్ద ఫోటో చేసీ," అని కొంగు ముడి విప్పాను.

నా మొగుడు కల్లూరు దగ్గర నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నిలువుగా చేర్చిపెట్టిన బండలు జారి మీద పడ్డాయి. ఇంతకంటే చెప్పను. పెళ్ళిలో మాకు ఫోటోలు తీయలేదు. ఆయనది ఉన్నది ఒక్కటే ఫోటో, వేంపల్లెలో వాళ్ళ చిన్నాయన కొడుకు పెళ్ళిలో తీసింది. పదిమంది వరసగా నిలబడితే ఈయన చివర ఉన్నాడు. షామియానా నీడ సగం మొహం మీద పడింది. ఆ మొహం చింతగింజంత. పెద్ద దినం నాడు దండ వేయడానికి ఫోటో కావాలని మా అత్త పట్టుబట్టింది.

స్టూడియో ఆయన భూతద్దం పెట్టి శానాసేపు చూశాడు. "మంచి ఎముక ఉండాది మీ ఆయనకు," అన్నాడు. చచ్చిపోయిన మనిషి ఎముక గురించి ఇట్లా మాట్లాడతాడేంది అనుకున్నాను. ఎల్లుండి రమ్మన్నాడు.

పెద్ద దినం పొద్దున పోయి, కాగితం చుట్టిన పటం తెచ్చాను. తొందరలో విప్పి చూసుకోలేదు. ఇంటి దగ్గర నలభై మంది ఉన్నారు. పీట మీద పెట్టి కాగితం విప్పాను. అందరూ మెడలు చాపారు.

పటంలో ఒక సినిమా నాయకుడు ఉన్నాడు. నుదురు వెన్నలాగా మెరుస్తోంది. జుట్టు అంచున వెలుగు. కళ్ళలో రెండు మెరుపుచుక్కలు. చెంప మీద నునుపు ఎంతంటే ఈగ వాలితే జారిపడేట్టు ఉంది.

మా ఆడబిడ్డ అంది: "ఏం వదినా, యాక్టరు బొమ్మ తెస్తివి?"

మా అత్త దగ్గరికొచ్చి వంగి చూసింది. ఏడవడానికి వచ్చిన మనిషి ఏడవలేదు. "వీడెవుడే? నా కొడుకు యాడ?" అంది.

"నీ కొడుకే అత్తా."

"నా కొడుకు మచ్చ యాడ?"

అదీ సంగతి. మా పెళ్ళైన మొదటి ఏడు, మిషన్ దగ్గర రాతి పెచ్చు ఎగిరొచ్చి ఆయన కనుబొమను చీల్చింది. అక్కడ నుంచి కంటి తోక పక్కగా చెంప ఎముక దాకా దిగింది గాయం. రాతిపొడి లోపలే ఉండిపోయి అది నీలంగా మానింది. కంటి తోక కూడా కొంచెం కిందికి లాగేసింది. కొత్తవాళ్ళు చూస్తే ఉలిక్కిపడేవాళ్ళు. ఆ మచ్చ పటంలో లేదు. కనుబొమ ఈ కొస నుంచి ఆ కొస దాకా విల్లు మాదిరి వంగి ఉంది.

మా అత్త ఆ పటానికి దండ వేయనీయలేదు. ఆయన పనికి కట్టుకుపోయే రుమాలు, రాతిపొడితో తెల్లబడినది, పీట మీద మడిచిపెట్టి దానికే దండ వేసింది. ఆ పటం గోడ వైపు తిప్పి పెట్టారు.

నాకు ఒకటే తలలో తిరిగింది. నా బిడ్డకు ఎనిమిది నెలలు. తండ్రి మొహం దానికి గుర్తుండదు. గోడకు ఏ మొహం తగిలిస్తే అదే దానికి నాయన. ముక్కూ మొహం తెలియని ఎవరో నునుపు మనిషిని చూపించి, వీడే మీ నాయన అని నేను ఎట్లా చెప్పేది?

మర్నాడు పటం ఎత్తుకుని పోయాను. స్టూడియో ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నాడు. పటం బల్ల మీద వేశాను. అద్దం పగల్లేదు, అదే ఆశ్చర్యం.

"నా మొగుని మొగం నాకియ్యి."

"బాగలేదా?" అన్నాడు. నిజంగానే అడిగాడు. మెచ్చుకోవడానికి వచ్చాననుకున్నాడు పాపం. "చివర నిలబడినోన్ని నడిమధ్య తెచ్చి నిలబెట్టినా గదా పాపా. వానికి వెలుతురు పెట్టినా."

"మచ్చ యాడ?"

"తీసేసినా."

"ఎవురు తీయమనిరి?"

"తీయొద్దని ఎవురు చెప్పిరి?" అన్నాడు. ఇది ఎదురు మాట కాదు. ముప్పై నలభై ఏండ్లలో ఆయనతో మచ్చ ఉంచమని ఒక్కరూ అనలేదు, అంతే.

"నీతో మాటలొద్దు. నా పాత ఫోటో నాకు తిరిగియ్యి. ఇంకొకని దగ్గర చేపిచ్చుకుంటా."

అప్పుడు ఆయన మొహం మారింది. సొరుగు తీసి, మూసి, మళ్ళీ తీశాడు. నా ఫోటో బయటికొచ్చింది. వరసలో పదిమంది అట్లే ఉన్నారు. చివర ఉన్న నా మొగుడు మాత్రం చింతగింజంత మొహంతో తెల్లగా నిగనిగలాడుతున్నాడు. ఆ ఒక్క మొహం మీద బ్లేడుతో గీకి, కుంచెతో దిద్ది ఉంది.

"సాఫు చేసినాక కాపీ తీస్తాం. అదీ పద్ధతి," అన్నాడు చిన్నగా. "కాపీ తీసినాక పెద్ద చేస్తే మచ్చలు గూడా పెద్దవైతాయి గదా. అందుకని ముందు ఫోటో మీదనే..."

"యా పక్క గీకినావు?"

"రెండు పక్కలా గీకినా పాపా. ఏది నీడ, ఏది మచ్చ అని చూడలా."

అంటే ఇక ఎక్కడా లేదు. నా మొగుని మొహం ఈ లోకంలో ఉన్న ఒక్క చోటు నుంచి కూడా పోయింది. బిడ్డను కింద దించాను. చేతికందిన నాయిక పటం గోడ నుంచి పీకి నెత్తి మీదికి ఎత్తాను. ఎడమ చెంప తనదేనని ఆయన చెప్పిన ఆయమ్మదే. కింద కొట్టేదాన్నే.

ఆయన అడ్డం రాలేదు. "కొట్టు," అన్నాడు. "కొడితే అద్దం పగులుతాది. ఆయమ్మ చెంప మీద మాత్రం గాటు రాదు. అది నేను తీసేసినా. చిన్నప్పుడు పొయ్యి మీద పడిందంట. ఇంత కాలిన మచ్చ. ఊరూరా జనం చూసిరి ఆయమ్మను, ఒక్కరికి తెల్దు."

నాకు చేతులు నొప్పి పుట్టి దించాను. ఆయన పటం తీసుకుని మేకుకు తగిలించి, నా మొగుని పటానికి అద్దం ఊడదీసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. జేబులో నుంచి పెన్సిలు తీశాడు.

"తీసే పనే వచ్చు నాకు. పెట్టే పని ఎవురూ చెప్పలా. చెప్పు, యాడుండె?"

ఇది నటనో నిజమో నాకు ఆ పొద్దు తెలియలేదు.

అప్పుడు నేను వేరుశనక్కాయలు ఒలిచే మిల్లులో కూలికి పోయేదాన్ని. పని దిగినాక, పొద్దు ఉండగానే, వారంపైన రోజూ పోయి కూర్చున్నాను. తలుపు తెర ఎత్తి కట్టమన్నాను. మారు మాట్లాడకుండా పురికొసతో కట్టాడు. వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేట్టు గడప పక్కనే కూర్చునేదాన్ని. అయినా నోళ్ళు ఊరుకుంటాయా. "మొగుడు పోయి నెల కాలేదు, స్టూడియోలో పోజులిస్తాంది," అని మా వీధిలో అన్నారు. మా అత్త చెవిన కూడా పడింది. ఆమె నన్నేమీ అనలేదు. "మచ్చ వచ్చిందా?" అని మాత్రం రోజూ అడిగేది.

ఆయన అడిగే ప్రశ్నలు వినాలి.

"నవ్వితే యా పక్క పెదవి ముందు లేస్తాది?"

"కుడి పక్క."

"కోపమొస్తే?"

"కోపమొస్తే మొగం ఈడ పెట్టుకోడు. బయటికి పోతాడు."

"నిద్దర పోతే నోరు తెరుస్తాడా?"

"అది నీకెందుకన్నా?" అని లేచి నిలబడ్డాను.

"దవడ గట్టిదా వదులుదా తెలియాల గదా," అన్నాడు, నా వైపు చూడకుండానే.

కూర్చున్నాను. తెరుస్తాడని చెప్పాను. చెప్పినాక ఆ నోరు నాకు గుర్తొచ్చింది. మాటలతో గుంజి నా మొగుని గుట్టంతా లాగుతున్నాడని ఒకవైపు అనుమానం. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి తిరిగి వస్తోందని ఇంకోవైపు ఆశ. రెండూ పట్టుకుని కూర్చునేదాన్ని.

పెద్ద చిక్కు నాలుగో దినం వచ్చింది. మచ్చ కుడి పక్క అని చెప్పాను. పెన్సిలుతో లేతగా గుర్తు పెట్టాడు. ఇంటికొచ్చి మా అత్తతో చెబితే, "కుడి ఏందే, నీ తల. ఎడమ పక్క," అంది.

"నేను రోజూ చూసినా అత్తా."

"నేను కన్నా. నీకంటే ముందు చూసినా."

"నువ్వు కన్నప్పుడు మచ్చ లేదు గదా."

"మచ్చ లేకపోతే ఏం, మొగం నాది గాదా?"

నవ్వడానికి లేదు, ఏడవడానికి లేదు. రాత్రంతా కళ్ళు మూసుకుని చూశాను. ఒకసారి కుడి పక్క వచ్చేది, ఒకసారి ఎడమ పక్క వచ్చేది. ఒకసారి ఆ నునుపు పటమే వచ్చేది. అన్నాళ్ళూ ఆ స్టూడియో ఆయన మీద పెట్టుకున్న అనుమానం తిరిగి నా మీదికే వచ్చింది. మూడేండ్లు కాపురం చేసి, మొగుని మచ్చ ఏ పక్కదో తెలియని ఆడదాన్ని నేను.

మర్నాడు పోయి, "నాకు తెల్దన్నా," అన్నాను.

ఆయన విసుక్కోలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "దెబ్బ తగిలినప్పుడు మందు ఎవురేసిరి?"

"నేనే. పసుపూ ఆముదమూ."

"ఎట్లేసినావు? నిలబడా, కూచోనా?"

"ఒళ్ళో పడుకోబెట్టుకుని."

"బిడ్డను పడుకోబెట్టు. ఆలోచించొద్దు. మందెయ్యి."

బిడ్డను ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకున్నాను, తల ఎడమ తొడ మీదికి. నేను ఎవరినైనా పడుకోబెట్టుకునేది అట్లే. కళ్ళు మూసుకున్నాను. చేయి దానంతటది పోయింది. నా కడుపు పక్క ఉండే కనుబొమకు కాదు, అవతలి పక్క కనుబొమకు. అందుకోవడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. వంగినప్పుడు గుర్తొచ్చింది, నా మొగుడు అనేవాడు, "నీ ఊపిరి కంట్లో పడతాంది మే," అని. వంగితే కదా ఊపిరి కంట్లో పడేది.

కళ్ళు తెరిచి చూస్తే నా వేలు బిడ్డ ఎడమ కనుబొమ మీద ఉంది.

స్టూడియో ఆయన మొదటిసారి నా మొహాన్ని కాకుండా నా చేతిని చూస్తున్నాడు. "మీ అత్త గెలిచింది," అన్నాడు. కుడి పక్క గుర్తు రబ్బరుతో తుడిచి, ఎడమ పక్కకు తిరిగాడు.

మా అత్తతో ఓడిపోయానని చెప్పాను. "నేను చెప్పలా," అని ఆ పూట నాకు అన్నం ఆమే పెట్టింది.

పటం పూర్తయ్యేసరికి బిడ్డకు పాకడం బాగా వచ్చింది. మచ్చ కనుబొమను చీల్చుకుని కంటి తోక పక్కగా దిగింది. స్టూడియో ఆయన డబ్బేమీ తీసుకోనన్నాడు. అది ఇంకా అనుమానం. రెండు శేర్ల శనక్కాయలు బల్ల మీద పోసి వచ్చాను. మా అత్త పటం చేతిలోకి తీసుకుని, కనుబొమ మీద వేలు పెట్టి కిందికి రాసింది. "ముక్కు వానిది గాదు," అంది. తర్వాత, "ఉండనీలే," అని కొంగుతో అద్దం తుడిచి, గోడకు తానే తగిలించింది. ఏడ్చింది కూడా ఆ పొద్దే.

కథ అక్కడ అయిపోవాల్సింది. కాలేదు.

బిడ్డ పెద్దదైంది. ఇప్పుడు మందులషాపులో పని చేస్తోంది. దానికి పదేండ్లప్పుడు ఒకసారి పటం చూసి, "మా నాయనకు గాటు గూడా అందంగా ఉండాది మా," అంది. నేను పటం వైపు తిరిగాను. నా మొగుని గాటు అందంగా ఉండేది కాదు. మంచివాడే, నాకు కావలసినవాడే, కానీ ఆ గాటు అందమైనది కాదు. మరి ఇది అందంగా ఎట్లా వచ్చింది? స్టూలు వేసుకుని దగ్గరగా చూశాను. ఎంత చూసినా ఎక్కడ తేడానో దొరకలేదు. తగ్గించాడు. ఆయన చేయి ఊరుకోదు. ఎక్కడో తగ్గించాడు.

పాతూరు పోయినప్పుడల్లా అడిగేదాన్ని. "తగ్గించినావా అన్నా?" ఆయన మాట మార్చేవాడు. అప్పటికి వీధి వీధికీ కంప్యూటర్ స్టూడియోలు వచ్చాయి. "వాల్లు తోలే తీసేస్తాండారు పాపా. నేను తోలు ఉంచి మచ్చ తీసినా," అని వాళ్ళ మీద పడేవాడు. ఒకసారి, "నీది ఇప్పుడు పూట పని గాదు, రెండు దినాలు పడతాది," అని నవ్వించి పంపాడు. చెప్పలేదు మాత్రం.

మా అత్త పోయింది. మా ఇంట్లో ఆ మొహం నిజంగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. ఒక పొద్దు బియ్యం ఏరుతూ ఊరికే మొగుని తలుచుకుంటే, కళ్ళ ముందుకొచ్చింది పటం. జుట్టు అంచున వెలుగుతో సహా పటమే. చాట పక్కన పెట్టి లేచాను. ఇంక ఊరుకుంటే లాభం లేదనిపించింది.

స్టూడియో మూసేసి ఉంది. ఇల్లు కనుక్కుని పోయాను. మంచం మీద ఉన్నాడు. కళ్ళ మీద పొరలు కమ్మేసి ఉన్నాయి. గొంతు విని గుర్తుపట్టాడు.

"మచ్చలాయమ్మా. రా."

"ఈ పొద్దు చెప్పకపోతే నేను లెయ్యనన్నా. ఎంత తగ్గించినావు?"

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"గోరంత," అన్నాడు.

"ఎవురి గోరు? నీ గోరా, నా గోరా?"

ఆయనకు నవ్వొచ్చి దగ్గొచ్చింది. దుప్పట్లో నుంచి చిటికిన వేలు తీసి చూపించాడు. గోరు ఇంకా నల్లగానే ఉంది. "ఇది. కింద కొసలో. చెంప ఎముక మీదికి దిగే కాడ."

"ఎందుకు?"

"నీ బిడ్డ నీ ఒళ్ళో కూచోని బొమ్మనే చూస్తాండె. నేను గీత కిందికి లాగేకొద్దీ ఉలిక్కిపడి మొగం తిప్పుకుంటాండె. తండ్రిని చూసి బిడ్డ మొగం తిప్పుకుంటే ఎట్ల? అది తిప్పుకోని కాడ నిలిపేసినా."

నేను మంచానికి దగ్గరగా జరిగాను. ఆ వేలు పట్టుకుని, ఆ గోరు పొడవు నా చిటికిన వేలి మీద కొలుచుకున్నాను. అంతే, లేచి వచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన. ఇది నిజమా? లేక గుడ్డివాడై మంచంలో పడి కూడా, చేసిన తప్పుకు మెరుగు పెట్టి చెబుతున్నాడా? మచ్చ తీసి నునుపు చేయడమే కదా ఆయనకు వచ్చిన విద్య. అడుగుదామంటే ఇప్పుడు లేడు.

పూలామె మాట విన్న ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పటం దించి తుడిచాను. నా బిడ్డ కాటుక పెన్సిలు తీసుకున్నాను. నా చేయి పలక మీద అక్షరాలు దిద్దిన చేయి కాదు. అద్దం మీద, గీత ఆగిన చోటు నుంచి, ఆ గోరంత కిందికి లాగాను. వంకరగానే వచ్చింది. నా మొగుని గాటు కూడా వంకరే.

మా అమ్మి షాపు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే చూసింది.

"ఏంది మా, నాయన మొగానికి కాటుక పూస్తాండావు? ఎక్కువైంది, తుడిచేయ్."

నేను తుడవలేదు. పటం చూడలేదు, దాని మొహమే చూస్తూ నిలబడ్డాను, తిప్పుకుంటుందేమోనని. అది తిప్పుకోలేదు. దగ్గరికొచ్చి, వంగి, ఆ కొస దాకా చూసింది.

"ఇట్ల ఉండెనా?"

"ఇట్లే ఉండె," అన్నాను.